చుక్కలు నిలబెట్టేవాళ్ళం

డిసెంబరు, రెండో ఆదివారం. అరకు, మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య సుభద్ర, సీలేరు పక్క కొండ ఊరి నించి వచ్చిన శాంతమ్మ, ఆమె కొడుకు ఏలియా. బారెడు పొద్దెక్కినా మంచు విడవలేదు. కరెంటు ఉంది.

ఆ రోజు నా డైరీలో పై వరసలివి. పవర్‌హౌస్‌లో షిఫ్టు మారేటప్పుడు ముందు తారీఖు, తర్వాత డ్యూటీలో ఉన్నవాళ్ళ పేర్లు, ఆ తర్వాత యంత్రాల సంగతి రాసేవాళ్ళం. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు. "మా పెళ్ళినాటి పేజీలో కూడా 'ఉన్నవారు' అని రాసి నా పేరు ఆఖర్న పెట్టారు," అని సుభద్ర ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. శాంతమ్మకీ చెప్పింది. శాంతమ్మ కుడిచెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని విని, కాస్త ఆలస్యంగా నవ్వింది. ఆమెకి ఎడమచెవి ఎప్పుడో పోయింది. కుడిచెవి కూడా పోతోందనీ, నరం ఎండిపోతోందనీ, చెవికి మిషను పెట్టుకున్నా మాటలు అంతంతమాత్రంగా తెలుస్తాయి తప్ప పాటలాంటివి తెలియవనీ విశాఖలో డాక్టరు చెప్పాడు. "వినాలనుకున్నవేవైనా ఉంటే ఈలోపలే వినెయ్యమ్మా," అన్నాడట. ఆమె వినాలనుకున్నది ఒక్కటే, తన అన్నయ్య దావీదు గొంతు. దావీదు పోయి చాలా కాలమైంది. అతను పాడిన పాట ఒక చిన్న గ్రామఫోను రికార్డు మీద మిగిలింది. ఆ రికార్డుని ఆమె బియ్యం డబ్బా వెనక నిలబెట్టి దాచుకుంది గాని, దాన్ని వినిపించే యంత్రం ఆమె దగ్గర ఎన్నడూ లేదు. ఒకప్పుడు ఆమె దాన్ని విన్న యంత్రం, సీలేరు క్లబ్బుది, ఇప్పుడు మా ముందుగదిలో బల్ల మీద ఉంది. దాన్ని బాగుచేశానని కబురు పెడితే తల్లీకొడుకులు రెండు బస్సులు మారి వచ్చారు.

నేను సీలేరు వెళ్ళింది మీసం సరిగా రాని వయసులో. జూనియర్ ఆపరేటరు ఉద్యోగం. బ్యాచిలర్ క్వార్టర్లు ఖాళీ లేక మా మేనమామ ఇంట్లో దిగాను. ఆయన పవర్‌హౌస్‌లో ఫోర్‌మన్, కాలనీ క్లబ్బుకి సెక్రటరీ. ఆ ఇంట్లో తెల్లవారడమంటే అత్తయ్య నీళ్ళ బాయిలరు కింద రాజేసే మంట పొగే. వానాకాలం మొదలైతే సీలేరులో ఎండు కట్టె దొరికేది కాదు. ఆ పొగ, గోడల చెమ్మ, స్వెట్టర్లలో కలరా ఉండల వాసన, వీటన్నిటి మీదా అత్తయ్య వేయించి రోట్లో దంచే కాఫీగింజల వాసన. గింజలు తెచ్చేది శాంతమ్మే. అప్పుడామె పరికిణీ కట్టే పిల్ల. పొద్దున్నే కొండ దిగొచ్చి నీళ్ళు మోసి, గిన్నెలు తోమి, మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కిపోయేది. "ఒలే గుంటా, బేగి రాయే, పాలు పొంగిపోతన్నాయి," అని అత్తయ్య లోపల్నించి కేక పెట్టేది. "ఒత్తన్నానమ్మగారూ," అంటూనే శాంతమ్మ ఇంకో బిందె నింపుకునేది. అత్తయ్యది అనకాపల్లి వైపు. ఆవిడ మాట ఏదైనా తిట్టులాగే వినపడేది, కానీ ఆ పిల్ల ఎప్పుడూ ఖాళీ కడుపుతో కొండెక్కింది లేదు. మామయ్యకి పొడుం అలవాటు. ఉంగరపు వేలికీ బొటనవేలికీ మధ్య చిటికెడు పట్టుకుని, పీల్చకుండా, షిఫ్టు విషయాలు మాట్లాడుతూ చాలాసేపు కూర్చునేవాడు. ఆదివారం మధ్యాహ్నం నించి మాత్రం పొడుం డబ్బీ అత్తయ్యకి అప్పగించేసేవాడు. సాయంత్రం క్లబ్బులో తుమ్ము వచ్చి రికార్డు మీద పడుతుందేమోనని ఆయన భయం.

క్లబ్బు యంత్రం సంగతి చెప్పాలి. పవర్‌హౌస్‌లో పనుల మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వెళ్ళిపోతూ దాన్ని క్లబ్బుకి ఇచ్చిపోయాడు. మామూలు రికార్డు ప్లేయర్లలో మోటారు ఓ పక్కన ఉంటుంది, రబ్బరు బెల్టుతోనో చక్రంతోనో పళ్ళేన్ని తిప్పుతుంది. ఇది డైరెక్ట్ డ్రైవ్. మోటారు ఇరుసు మీదే పళ్ళెం కూర్చుంటుంది, మధ్యలో ఇంకేమీ ఉండదు. మా పవర్‌హౌస్‌లో కింద టర్బైను, పైన జనరేటరు ఒకే ఇరుసు మీద నిలువుగా ఉన్నట్టే. మామయ్య దాన్ని మొదటిసారి విప్పి చూసి, "ఇది మన జాతిదిరా," అన్నాడు. ఆ రోజు నించీ దాన్ని ఇంకెవర్నీ తాకనివ్వలేదు.

ఆ యంత్రం పళ్ళెం అంచు చుట్టూ సన్నటి చుక్కలు వరసగా ఉంటాయి. పక్కన ఒక బుల్లి ఎర్ర దీపం. మన కంటికి తెలియదు గాని, ఆ దీపం కరెంటు లయతో పాటే వెలిగి ఆరుతూ ఉంటుంది. పళ్ళెం ఆ లయకి సరిపోయే వేగంతో తిరిగితే చుక్కలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. వేగం ఎక్కువైతే ముందుకీ, తగ్గితే వెనక్కీ పాకుతాయి. మీట తిప్పి వాటిని నిలబెట్టుకోవాలి. ఇంకో ఊళ్ళో ఎవరైనా దీన్ని వింతగా చూసేవాళ్ళేమో. మాకు అది రోజూ చేసే పనే. ఆగి ఉన్న యంత్రాన్ని తిప్పి గ్రిడ్డుతో, అంటే రాష్ట్రమంతటి కరెంటు లైన్లతో, కలిపేటప్పుడు, డయలు మీద ముల్లు గిరగిర తిరిగి, నెమ్మదించి, నిటారుగా నిలబడ్డప్పుడు బ్రేకరు, అంటే కలిపే స్విచ్చు, వెయ్యాలి. యంత్రం తన వేగం మానుకుని గ్రిడ్డు వేగానికి వచ్చిందని దానర్థం. క్లబ్బులోనూ మామయ్య అదే చేసేవాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పళ్ళెం తిప్పి, మీట పట్టుకుని వంగేవాడు. హాల్లో ఉన్న ఫిట్టర్లు, ఆపరేటర్లు కుర్చీల్లోంచి లేచి మెడలు చాపేవాళ్ళు.

"ఇంకొంచెం పెంచండి సార్, ఎనక్కి పోతన్నాయి."

"నీ పని నువ్వు చూసుకోవయ్యా, నిన్న మూడో యూనిట్ కలపడానికి నువ్వెంతసేపు తిప్పావో నాకు తెలుసు."

"అది టర్బైను గవర్నరు తప్పండీ!"

"మీ ఆవిడకి చెప్పు ఆ మాట. ఒరే, నిలబడ్డాయేంట్రా?"

ఆ ఆఖరి ప్రశ్న నాకు. "నిలబడ్డాయి మామయ్యా," అనేవాణ్ణి. "గ్రిడ్డు ఒప్పుకుంది," అని సూది దించేవాడు. ఏ రికార్డు వేసినా, ఏ ఆదివారమైనా ఇదే వరస.

దావీదు డ్యామ్ గేట్ల దగ్గర గ్రీజు పెట్టే మజ్దూరు. నాకంటే చిన్నవాడు. వాళ్ళ కొండ ఊళ్ళో చర్చి ఉంది, అక్కడ పాడేవాడు. ఎవరో క్రైస్తవ మిషనరీలు వచ్చి, కొండభాషలో వాళ్ళు పాడే పాటల్ని మైకు పెట్టి పట్టుకుపోయి, కొన్నాళ్ళకి చిన్న రికార్డుగా వేయించి ఊరికి పంపారు. దావీదు దాన్ని చొక్కా లోపల పెట్టుకుని మామయ్య దగ్గరికి తెచ్చాడు. "పెద్దబాబుగారూ, మాది గూడా ఓపాలి ఏత్తారా?" అన్నాడు. మామయ్య సంధ్యావందనం వదలని మనిషి. చర్చి పాట అనగానే రికార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు. మజ్దూర్లకి క్లబ్బు లోపలికి రావడానికి లేదు. అది ఎవరూ రాయని నియమం, మామయ్య కూడా దాన్ని మార్చలేదు. కిటికీ తలుపులు మాత్రం తీయించాడు. దావీదూ, శాంతమ్మా, వాళ్ళ ఊరి వాళ్ళు ఇంకొందరూ వరండా బయట నిలబడి విన్నారు. మొదట దావీదు ఒక్కడే ఎత్తుకుంటాడు, తర్వాత తక్కినవాళ్ళు కలుస్తారు. ఆ గొంతు నాకు బాగా గుర్తు. బరువైన గొంతు, మోపు నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కేవాడి అడుగులా నింపాదిగా ఉండేది. అప్పటి నించీ ప్రతి ఆదివారం ఆఖరి రికార్డు అదే.

ఆ పై వానాకాలంలో దావీదుకి జ్వరం వచ్చింది. కొండల్లో జ్వరమంటే మలేరియానే, అది మెదడుకి ఎక్కింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి ఆసుపత్రికి బయల్దేరిన జీపు మధ్యలోనే ఆగిపోయింది. దావీదు ఆ జీపులోనే పోయాడు. తర్వాత కూడా ఆదివారం సాయంత్రం కిటికీ తీసే ఉండేది. శాంతమ్మ వచ్చి నిలబడేది. పెళ్ళయ్యాక కూడా, ఏలియాని చంకనేసుకుని కూడా వచ్చింది. మామయ్య రిటైరయ్యే దాకా ఆ పాట వేస్తూనే ఉన్నాడు. రికార్డుని ఆమె చేతిలో పెట్టి మరీ సీలేరు వదిలాడు. తర్వాత క్లబ్బుకి టీవీ వచ్చింది. ఆపైన క్లబ్బే మూతపడింది. ఇనుప సామాను కింద అమ్మేస్తుంటే యంత్రాన్ని మామయ్యకి తెలిసిన వాళ్ళు కొని ఆయనకి పంపారు. అది ఆయన మంచం కిందే ఉండి, ఆయనా అత్తయ్యా ఇద్దరూ పోయాక, ఇల్లు ఖాళీ చేసినప్పుడు నా దగ్గరికి చేరింది.

అప్పటికే నేను ఇలాంటి యంత్రాలు బాగుచేస్తున్నాను. అరకులో ఇప్పుడు రిసార్టుకో పాత రికార్డు ప్లేయరు కావాలి. కాఫీ మిషను పక్కన పెట్టి దీపాలు వేస్తారు. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు, పాటలు మాత్రం ఫోన్లోంచి వస్తాయి. వాళ్ళకి బాగుచేసి ఇవ్వడంలో నాకు పెద్ద సంతోషం లేదు గాని చేతులకి పని. క్లబ్బు యంత్రం మీద మాత్రం నెలల తరబడి కూర్చున్నాను. ఇరుసులో నూనె బెల్లప్పాకంలా గట్టిపడింది. కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, అన్నీ మార్చాను. సూదిని మోసే చెయ్యి లోపలి తీగలు వెంట్రుకల కన్నా సన్నం. వాటిని భూతద్దం కింద పెట్టి అతికించాను. ట్రాన్స్‌ఫార్మరు గొణుగు సూదికి తగలకుండా దాన్ని వేరే పెట్టెలోకి బయటికి తీశాను. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత వేగం సర్క్యూటుకి బదులు క్వార్ట్జ్ పెట్టాను. గోడ గడియారంలో ఉండే రాయిలాంటిదే అది. కరెంటు ఎలా ఊగినా దాని లయ తప్పదు. చుక్కల పక్క దీపాన్ని కూడా దానికే కలిపాను. ఇప్పుడు చుక్కలు నిలబడ్డాయంటే వేగంలో వెంట్రుకవాసి తేడా లేనట్టే. ఈ యంత్రం పుట్టిన రోజున కూడా ఇంత బాగా తిరిగి ఉండదని సుభద్రతో అన్నాను. "మామయ్యగారుంటే ఒప్పుకుంటారా?" అంది. ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక శాంతమ్మని స్పీకరు పక్కన, కుడిచెవి అటు ఉండేలా కూర్చోబెట్టాను. రికార్డు కడిగి ఆరబెట్టి ఉంచాను. చుక్కలు నిలబడ్డాయి. సూది దించాను. చిటపటలు ఉన్నాయి గాని దావీదు గొంతు స్పష్టంగా వచ్చింది. ఊపిరి పీల్చడం కూడా వినపడింది. నా మట్టుకు నాకు ఎక్కడో ఏదో తేడాగా తోచింది, ఇన్నేళ్ళ తర్వాత వింటున్నాను కదా అని సరిపెట్టుకున్నాను. శాంతమ్మ మొదటి చరణం దాకా కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది మా అన్నియ్య కాదు బాబూ."

"అమా, అదే రికార్డు. లేబులు సూడు," అన్నాడు ఏలియా గట్టిగా, ఆమె చెవి దగ్గర వంగి.

"లేబులు నాకెందుకురా. నానెరగనా? ఇది ఎవుడో గుంటడి గొంతు."

"చెవి తేడా వల్ల అలా ఉందేమోనమ్మా," అంది సుభద్ర నెమ్మదిగా.

"సెవి పోనాది గానమ్మా, అన్నని మర్సిపోనేదు." అని, శాంతమ్మ తనే ఆ పాట ఎత్తుకుంది. కళ్ళు మూసుకుని, బరువుగా, ఒక్కో మాటనీ సాగదీస్తూ. నేను క్లబ్బులో విన్న గొంతు అదే. యంత్రం మీద ఉన్నది అది కాదు.

వేగం తప్పే అవకాశం లేదు. మరి తేడా ఎక్కడుందని ఆలోచిస్తే, తేడా ఇప్పుడు లేదు, అప్పుడుందని తెలిసింది. ఆ రోజుల్లో సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గ్రిడ్డు మీద బరువు పడి ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు లయ, కుంగేది. యాభై సైకిళ్ళ దగ్గర ఉండాల్సిన ముల్లు నలభై ఎనిమిది దగ్గర వణుకుతూ ఉండేది. కంట్రోలు రూములో కరెంటుతో నడిచే గోడ గడియారం అందువల్లే వెనకబడేది, దాన్ని మేమే ముందుకి జరిపేవాళ్ళం. అదే చేత్తో క్లబ్బుకి వచ్చి చుక్కల్ని నిలబెట్టేవాళ్ళం. ఆ ఎర్ర దీపం కూడా కుంగిన కరెంటు మీదే వెలుగుతోందని హాలు నిండా ఉన్న పవర్‌హౌస్ మనుషుల్లో ఒక్కరికీ తోచలేదు. మాకు గ్రిడ్డుతో కలవడమే సరి. పళ్ళెం సొంతంగా సరిగ్గా తిరుగుతుంటే, దాన్ని పనిగట్టుకుని తగ్గించి మరీ గ్రిడ్డుతో కలిపాం. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం దావీదు గొంతుని లాగి, బరువెక్కించి, కిటికీ బయట నిలబడ్డ చెల్లెలికి వినిపించాం. ఏ ఆదివారం నా డైరీ తీసినా 'క్లబ్బులో రికార్డులు' అని తప్ప ఇంకేం లేదు.

ఇది శాంతమ్మకి చెప్పాను. కాగితం మీద చక్రం గీసి, చుక్కలు పెట్టి, గట్టిగా, విడివిడిగా చెప్పాను. ఆమె నా నోటివైపే చూస్తూ వింది.

"అయితే ఏది మా అన్నియ్యది?"

"ఇప్పుడు విన్నదే. ఇదే అసలు గొంతు."

"గుంటడి గొంతు గదా బాబూ."

"వాడు గుంటడే కదా శాంతమ్మా అప్పుడు. మీసం కూడా లేదు."

ఆమె కాగితాన్ని పక్కకి జరిపింది. తర్వాత అంది: "మరి ఇన్నాళ్ళూ నాను తలుసుకుంటన్నోడు ఎవుడు?"

ఏలియా మళ్ళీ వెయ్యమన్నాడు, ఫోన్లో పట్టుకుంటానని. వేశాను. అతను పట్టుకున్నాడు. శాంతమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి సుభద్రతో పాటు చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చుంది. పోల్చుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు. దావీదుతో పాడినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఎవరూ లేరని ఏలియా చెప్పాడు. మామయ్య లేడు. నేను దావీదుతో ముఖాముఖి మాట్లాడింది ఎంత? అతను "బాబూ" అనడం, పక్కకి తప్పుకోవడం, అంతే. అతను మామూలుగా మాట్లాడితే ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా నాకు రాలేదు, క్లబ్బు యంత్రం గొంతే వస్తోంది. ఆమెకీ అదే జరిగి ఉంటుంది. ఒక గొంతుని జీవితంలో కొన్నేళ్ళు విని, యంత్రం మీద అంతకు మించి వింటే, ఏది మిగులుతుంది? బాగుచేయడమంటే మొదట ఎలా ఉండేదో అలా చేయడమని నేను అనుకుంటూ వచ్చాను. అలాగే చేశాను. అది ఎవరికీ పనికిరాలేదు. ఇప్పుడు గ్రిడ్డు కుంగదు, గడియారాలు ఆలస్యంగా నడవవు, రోడ్డు మూసుకుపోతే ఫోను చేయొచ్చు, అంబులెన్సు వస్తుంది. ఇవేవీ దావీదుకి అందలేదు. ఇవన్నీ వచ్చాక ఆమెకి వినికిడి పోతోంది. ఒకదానికొకటి ఎక్కడా కలవలేదు.

చీకటి పడేముందు ఆమెతో అన్నాను, పాత వేగానికి తగ్గించి వేయగలను, పాత మీట తీసెయ్యలేదు, క్వార్ట్జ్ తప్పించి దానికి కలిపితే చాలు అని. "రేపు సూద్దారి," అంది.

మర్నాడు పొద్దున్న బస్సుకి ముందు కాస్త టైముంది. బయట ఏమీ కనపడనంత మంచు. యంత్రాన్ని పాత మీటకి కలిపి, చుక్కలు వెనక్కి పాకుతుండగా, నాకు గుర్తున్న గొంతు వచ్చేదాకా తగ్గించాను. వచ్చింది. క్లబ్బు హాలు, అత్తయ్య, మామయ్య, పొగ, అన్నీ ఆ గొంతుతో వచ్చేశాయి. సుభద్ర కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. శాంతమ్మ చెవి స్పీకరుకి ఆనించినంత దగ్గరగా వంగింది. కాసేపు ఆమె పెదవులు పాటతో కదిలాయి. తర్వాత ఆగాయి.

"ఇదే బాబూ," అంది. "దీన్నే గదా నువ్వు మా అన్నియ్య కాదన్నావు. ఇంక సాలు."

చెయ్యి చాపి, మామయ్య ఎన్నడూ ఎవర్నీ తాకనివ్వని ఆ పళ్ళెం అంచు మీద చూపుడు వేలు ఆనించి, నొక్కింది. గొంతు సాగి, లోతుకి దిగి, మూలిగి ఆగింది. ఆ మోటారు బలమైంది. ఆమె వేలి కింద పళ్ళేన్ని ఇంకా ముందుకి తోస్తూనే ఉంది. ఆమె వేలు తీయలేదు. నేను స్విచ్చు ఆపేశాను.